సర్కారు జవాబుల్ల అబద్ధం ఉండదు, వరంగల్ సుత ఉండదు

పార్లమెంటుల గానీ అసెంబ్లీల గానీ వరంగల్ మీద ఎవరన్న ప్రశ్న అడిగితె దానికొచ్చిన జవాబు వెతికి చదివే అలవాటు నాకు ఎప్పటి నుంచో ఉన్నది, ఇంట్లోళ్లు దీన్ని రోగం అంటరు, అనుకోనీ. మామునూరు ఎయిర్‌పోర్టు, కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ, రింగు రోడ్డు, ఖిలా, రామప్ప, మాస్టర్ ప్లాన్... ఏది తీస్కున్నా జవాబులు కుప్పలు కుప్పలు. మన దగ్గర అందరూ అనే మాట ఏందంటె సర్కారు జవాబు చెప్పదు, చెప్పినా అబద్ధమే చెప్తది అని. నేను ఒప్పుకోను. జవాబు చెప్తది, మస్తుగ చెప్తది, అందుల రాసిన ఏ వాక్యం పట్టుకున్నా నిజమే ఉంటది. నా గొడవ వేరే. ఒక్క జాగ మీద అడిగిన ప్రశ్నను నాలుగు శాఖలు పంచుకుంటయి, ఎవరి ముక్కకు వాళ్లు ఖరా జవాబు రాస్తరు, ఆ నాలుగు ముక్కలు కలిపి చూస్తె అండ్ల మనం అడిగిన జాగనే కనబడది.

ముందు ఈ జవాబు ఎట్ల పుడ్తదో చెప్తా. లోక్‌సభల ఎంపీ ప్రశ్న అడగాలంటె కనీసం 15 రోజుల ముందు నోటీసియ్యాలె, 150 మాటలు దాటొద్దు, అది ఏదో ఒక మంత్రిత్వ శాఖ పేరు మీదనే పోవాలె, అడిగేది కూడా ప్రధానంగా కేంద్రం చేతుల ఉన్న సంగతే అయి ఉండాలె. వచ్చిన నోటీసులకు లాటరీ తీస్తరు. రోజుకు 20 ప్రశ్నలకు నక్షత్రం గుర్తు, అంటె మంత్రి నిలబడి నోటితోని చెప్పేవి, ఇంకో 230 రాతపూర్వకం. ఆ ఇరవైల సుత గంట గడిచేసరికి నాలుగైదే సభ ముందుకొస్తయి, అది సుత గొడవ లేని రోజున. మిగిలినయన్నీ కాయితాలే. కాయితం వచ్చినంక మల్ల ఎదురు ప్రశ్న ఏసే మోకా ఉండది, అసలు తేడా అక్కడనే.

ఇగ రాజ్యాంగం సంగతి. భూమి అనేది రాష్ట్రాల జాబితాల 18వ అంశం. నేషనల్ హైవే, రైలు, విమానం కేంద్రానివి. జాతీయ ప్రాధాన్యం ఉన్న కట్టడం కేంద్రానిది, మిగతా పాత కట్టడాలు రాష్ట్రానివి. టౌన్ ప్లానింగ్ 12వ షెడ్యూల్ ప్రకారం మున్సిపాలిటీకి అప్పజెప్పాల్సిన పని, మన దగ్గర చూసేది మాత్రం 'కుడా', అంటె కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ. చెరువు ఇరిగేషనోళ్లది. అట్లాంటప్పుడు ఖిలా వరంగల్ మట్టికోట పక్క పొంటి పోయే తొవ్వ గురించి ఒక మనిషి ఒక ప్రశ్న అడగాలంటె ఎవర్ని అడగాలె? రాసేటప్పుడే దాన్ని నరికి ముక్కలు చెయ్యాలె, చెయ్యకుంటె "ఇది రాష్ట్రానికి సంబంధించిన విషయం" అని వాపస్ వస్తది. అంటె ముక్కలు చేసే పని సగం మనతోనే చేపిస్తరన్నట్టు.

మామునూరు తీస్కోండి. నిజాం కాలం నాటి ఎయిర్‌పోర్టు, 1981 దాకా నడిచింది. దాని మీద ఏండ్లకేండ్లు అడిగిన్రు. ఢిల్లీల అడిగితె వచ్చిన జవాబు సారాంశం ఏంది, భూమి రాష్ట్రం ఇయ్యాలె, పైగా శంషాబాద్ ఎయిర్‌పోర్టు కట్టేటప్పుడు చేస్కున్న ఒప్పందంల 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్టు రావద్దనే షరతు ఉన్నది. నిజం. హైదరాబాదుల అడిగితె, మేం భూమి ఇయ్యనీకి రెడీ, ఆ షరతు సంగతి తేలాలె, కేంద్రం ఒప్పుకోవాలె. అది సుత నిజం. రెండు నిజాలు ఒకదాని తోక ఒకటి పట్టుకొని తిరుగుతుంటె మనం అమాయకంగ ప్రతి సెషన్‌ల కొత్త జవాబు వచ్చిందని పేపర్ల చదువుకున్నం. చివరికి ఏమైంది? 2024 నవంబరుల రాష్ట్రం 253 ఎకరాలు సేకరించనీకి 205 కోట్లు మంజూరు చేసింది, ఎయిర్‌పోర్టు కింద అంతకుముందే ఉన్న భూమి 696 ఎకరాలు, షరతు పెట్టిన కంపెనీ అభ్యంతరం లేదన్నది, 2025 ఫిబ్రవరి 28న కేంద్రం పచ్చజెండా ఊపింది. ఎయిర్‌పోర్టు మా వల్లనే వచ్చిందంటె మా వల్లనే వచ్చిందని తెల్లారే రెండు పార్టీలోళ్లు మామునూరు కాడ లొల్లి పెట్టుకున్నరు, ఆ తమాషా అందరూ చూసిన్రు. నాకు మాత్రం ఒకటే డౌటు. అన్ని ఏండ్ల జవాబుల్ల ఒక్కటంటె ఒక్కదాంట్ల "ఫలానా తారీఖు నాడు అవతలోళ్లకు ఉత్తరం రాసినం, జవాబు ఇంకా రాలే" అని తారీఖేసి రాసి ఉంటె, ఎవరి దగ్గర ఆగిందో జనానికి ఎప్పుడో తెలిసేది కాదా?

ఇప్పుడు భూములు పోతున్న ఊర్లోళ్లు ధర గురించే కాదు, రన్‌వే పొడుగైతె మా ఊరికి తొవ్వ ఎటు నుంచి అని సుత అడుగుతున్నరు. మల్ల అదే కథ. భూమి ధర రెవెన్యూ వాళ్లు చెప్తరు, తొవ్వ ఆర్ అండ్ బీ వాళ్లది, రన్‌వే నక్ష ఢిల్లీది. రైతు ఒక్కడే, ఆయన ఎకరం ఒక్కటే.

కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ సంగతి కొంచెం వేరే, అక్కడ శాఖ ఒక్కటే, ముక్కలు చేసే అవసరం పడలె. 1980లల మనకు రావాల్సిన ఫ్యాక్టరీ పంజాబ్ల కపుర్తలకు పోయిందని మా తండ్రుల కాలం నుంచి ఇంటున్న ముచ్చట. 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్ల ఏం రాసిన్రో చాలమంది చదవలే, ఫ్యాక్టరీ ఇస్తమని రాయలే, 6 నెలల లోపల ఫ్యాక్టరీ పెట్టే సంగతి రైల్వే పరిశీలించి తొందరగ నిర్ణయం చెప్పాలె అని మాత్రమే రాసిన్రు. రైల్వే పరిశీలించింది, ఉన్న ఫ్యాక్టరీలే దేశానికి సరిపోతయి కొత్తది అక్కర్లేదన్నది, చట్టం ప్రకారం బాధ్యత తీరిపోయింది. 2018ల మహారాష్ట్ర లాతూర్ల కోచ్ ఫ్యాక్టరీకి కొబ్బరికాయ కొట్టిన్రు, అదెట్ల సరిపోయిందని అడిగితె ఆ ప్రశ్న వేరే ప్రశ్న అయితది. 2023 జులై 8న ప్రధాని వరంగల్‌కొచ్చి కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేసిండు, 500 కోట్ల పైన ఖర్చు, మొదట వ్యాగన్లన్నరు ఇప్పుడు కోచ్‌లు సుత అంటున్నరు, మంచిదే, వస్తె మనోళ్లకే పని. కానీ విభజన చట్టం రాసేటప్పుడు మన తరఫున కూసున్నోళ్లు ఆ ఒక్క వాక్యాన్ని గట్టిగ రాపిచ్చుకోకపోవుడు గురించి ఎవరూ మాట్లాడరు, ఢిల్లీని తిట్టుడు అల్కగ ఉంటది గదా.

ఇప్పుడు నాకు దగ్గరి సంగతి చెప్తా. మా చిన్నమ్మోళ్ల ఇల్లు ఖిలా వరంగల్ల, కోట లోపల. బయటోళ్లకు ఖిలా అంటె నాలుగు కీర్తి తోరణాలు, ఖుష్ మహల్, సాయంత్రం ఫొటోలు. లోపల ఒక ఊరు ఊరంత ఉన్నది, పొలాలు, బడి, కిరాణం దుకాణాలు, తరాల నుంచి ఉంటున్న కుటుంబాలు. 1958 పురావస్తు కట్టడాల చట్టానికి 2010ల సవరణ తెచ్చిన్రు, రక్షిత హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. చాలమంది తోరణం స్తంభం కాడ నుంచి కొలుస్తరనుకుంటరు, కాదు, రక్షిత ప్రాంతం హద్దు నుంచి కొలవాలె. తాజ్‌మహల్ లాంటి ఒక్క బిల్డింగ్‌కైతె ఆ హద్దు దొరుకుతది, కానీ మన ఖిలా మట్టికోట, అగడ్త, రాతికోట, నడుమ శిథిలాలు అన్నీ గుండ్రంగ ఒకదాని లోపల ఒకటి, హద్దు ఏ సర్వే నంబర్ల ఏడ మొదలై ఏడ అయిపోతదో ఇంటోళ్లకు ఎట్ల తెలుస్తది?

నిషేధిత ప్రాంతంల కొత్తగ కట్టుడు బంద్, కానీ ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోనీకి పర్మిషన్ అడగొచ్చు, చట్టంలనే ఉన్నది. గడువులు సుత ఉన్నయి, దరఖాస్తు ముట్టిన 15 రోజుల్ల కాంపిటెంట్ అథారిటీ దాన్ని ఢిల్లీల నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీకి పంపాలె, వాళ్లు రెండు నెలల్ల సిఫారసు చెయ్యాలె, అది వచ్చిన నెలల ఖరారు చెప్పాలె. చదువుతుంటె ఎంత ముద్దుగున్నది! చిన్నమ్మోళ్ల ఇంటి కప్పు కురుస్తుంటె బాగు చేపిద్దామని పోయినం. మొదటి ఆఫీసుల, మాది బిల్డింగ్ పర్మిషనే, కోట సంగతి వేరే ఆఫీసు అన్నరు. రెండో కాడ, మీ ఇల్లు హద్దు లోపల ఉన్నదా బయట ఉన్నదా సర్వే కాయితం తీస్కరాండ్రి అన్నరు. సర్వే చేసేటోళ్లేమో, కోట హద్దు మా రికార్డుల ఉండది, వాళ్లనే అడిగి రాసి తీస్కరాండ్రి అన్నరు. ఒక్కడు సుత ఎదురు మాట్లాడలె, ఒకాయనైతె చాయ్ సుత తాపిండు. ముగ్గురు చెప్పిందీ కరెక్టే. వానాకాలం మాత్రం ఆగలే, కప్పు మీద నీలం కవరు కప్పినం, అది ఇంక అట్లనే ఉన్నది.

పొత్తుల బాయి మోటరు కాలిపోతె అన్నదమ్ములు ఒకల మొఖం ఒకలు చూస్కుంటరు చూడుండ్రి, నీళ్లు అందరికి కావాలె, మెకానిక్‌ను పిలిస్తె పైసలు ఎవలియ్యాలె అని, ఇది గదే. 

నడుమల ఒక ముచ్చట. 2016 అక్టోబరుల వరంగల్ జిల్లాను చీల్చిన్రు, 2019ల ములుగు వేరే అయింది, 2021 ఆగస్టుల అర్బన్‌కు హనుమకొండ అని, రూరల్‌కు వరంగల్ అని పేర్లు మార్చిన్రు. దాంతోని ఏమైందంటె ఖిలా ఒక జిల్లాల, వేయిస్తంభాల గుడి ఇంకో జిల్లాల, రామప్ప మూడో జిల్లాల పడ్డయి. కార్పొరేషన్ ఒక్కటే, కలెక్టర్లు ఇద్దరు. తెలంగాణ మొత్తంల కేంద్రం రక్షణల ఉన్న కట్టడాలే 8, అందుల ఈ మూడు ఒకే కాకతీయుల చేతి పని, ఇప్పుడు వీటి మూడిటికి కలిపి ఒక బస్సు రూటు అడగాలన్నా ముగ్గురు కలెక్టర్ల పేర్లు రాయాలె.

స్కీములది ఇంకో రకం. 2015 జనవరిల 'హృదయ్' అని పెట్టిన్రు, దేశంల 12 వారసత్వ నగరాలు, మనది ఒకటి, మొత్తం 500 కోట్లు, 2019 మార్చితోని బంద్. 2016ల స్మార్ట్ సిటీల మన పేరు వచ్చింది, ఆ మిషన్ 2025 మార్చితోని బంద్. స్కీము నడిచినన్ని దినాలు ఎన్ని కోట్లు ఇచ్చినం ఎన్ని పనులు పూర్తయినయి అని జవాబు. బంద్ అయినంక, ఆ స్కీము ఇప్పుడు లేదు కాబట్టి ప్రశ్న ఉత్పన్నం కాదు. ఏసిన ఫుట్‌పాత్ మాత్రం ఈడనే ఉంటది, పలిగిన టైల్స్‌తోని.

ప్లానింగ్ సంగతి చూస్తె ఇంకా చిత్రం. మా నగరం ఏండ్లకేండ్లు 1970ల నాటి మాస్టర్ ప్లాన్ మీదనే నడిచింది, 2041 ప్లాన్ ముసాయిదా చేసిన్రు, అభ్యంతరాలు తీస్కున్నరు, ఫైలు అట్లనే పన్నది. ఎప్పుడు అడిగినా "ప్రభుత్వ పరిశీలనల ఉన్నది". ముఖ్యమంత్రి 2024 నవంబర్ 19న హనుమకొండల సభకు వస్తున్నడనంగ, ఆ నాలుగు దినాల్లనే ఆమోదం వచ్చింది. అన్నేండ్ల పరిశీలన ఒక సభ తారీఖు కోసం ఆగిందా అని ఎవరన్న అడిగిన్రా? ఈ నడుమ కాలంల, పాసైన ప్లాన్ లేకుంటనే, 2022ల ఔటర్ రింగు రోడ్డు పేరు మీద 27 ఊర్లల 21,510 ఎకరాల ల్యాండ్ పూలింగ్‌కు నోటిఫికేషన్ ఇచ్చిన్రు. పూలింగ్ అంటె రైతు ఇష్టంతోని ఇచ్చేది అని జవాబు చెప్పిన్రు. ఇష్టంతోని అయితె సర్వే నంబర్లతో సహా ముందే లిస్టు ఎందుకు? రైతులు రోడ్డెక్కినంక మొదట తాత్కాలికంగ ఆపినం అన్నరు, ఆ మాటను ఎవ్వరూ నమ్మక ఇంకింత గట్టిగ కూసుంటె అప్పుడు రద్దు అన్నరు. ఈ మొత్తం కథల జవాబు కోసం ఎదురు చూడకుంట జవాబు మార్పిచ్చింది వాళ్లొక్కరే. నేను రాసిన ఏ దరఖాస్తు ఆ పని చెయ్యలే, అది నాకు ఎర్కే.

సెంట్రల్ జైలు గురించి సుత చెప్పాలె. 1886 నాటి జైలు, నిజాం కాలంది, ఖైదీలు నేసిన జంఖానాలు, మా దిక్కు "జైలు దరీలు" అంటె పేరున్నయి. 2021ల ఖైదీలను వేరే జైళ్లకు పంపి నేలమట్టం చేసిన్రు, జూన్ 21న అక్కడ 24 అంతస్తుల ఆస్పత్రికి శంకుస్థాపన. ఆస్పత్రి వద్దని నేననను, మా ఎంజీఎం సర్కారు దవాఖానల ఒక్క రాత్రి పండుకున్నోడెవ్వడు అనడు. కానీ 135 ఏండ్ల కట్టడం కూలగొట్టే ముందు ఏ శాఖ జవాబు చెప్పాలె? కేంద్రం లిస్టుల లేదు, కాబట్టి కేంద్రం అడగది. 2017ల మన రాష్ట్రం సొంతంగ వారసత్వ చట్టం తెచ్చుకున్నది, ఆ చట్టం సుత రక్షణ ఇచ్చేది లిస్టుల ఎక్కినయాటికే. లిస్టుల లేనిదాని గురించి ప్రశ్న పుట్టనే పుట్టది, జవాబు చెప్పే అవసరమే లేకుంట పోయింది. గేటన్న ఉంచి కడితె ఏం పోయేదో.

నా దోస్తు ఒకాయన సర్కారు నౌకరిల ఉన్నడు, ఇదంత చెప్తె ఆయన గరం అయిండు. "నువ్వు చెప్పేది బాగనే ఉన్నది గానీ, నా పరిధి దాటి ఇంకో శాఖ తరఫున ఒక్క ముక్క రాస్తె రేపు మెమో నాకే వస్తది, నువ్వు వస్తవా కాపాడనీకి" అన్నడు. నిజమే. ఒక సెక్షన్ ఆఫీసర్‌ను తిట్టి లాభం లేదు, అధికారాలు పంచుకున్నది రాజ్యాంగం, అది పంచుకోవాల్సిందే, ఖిలా తోరణం కాడ బిల్డింగ్ పర్మిషన్ మొత్తం ఒక్క లోకల్ లీడర్ చేతుల పెడితె ఏమైతదో మనకు తెల్వదా? కాబట్టి శాఖలన్నీ కలిపి ఒక్కటి చెయ్యమని నేను అంటలేను. ఒక జాగ మీద ప్రశ్న వస్తె, ఆ జాగతోని సంబంధం ఉన్నోళ్లందరు ఒకే కాయితం మీద, ఎవరి దగ్గర ఏమున్నది ఏది ఆగింది అని తారీఖులతోని రాయాలె అంటున్న, అంతే.

అట్ల అయ్యేది కాదు అంటరా? రామప్ప కాడ అయింది. 1213ల రేచర్ల రుద్రుడు కట్టిచ్చిన గుడి, 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ లిస్టుల ఎక్కింది. ఎక్కిచ్చుడుతోనే అయిపోలే, గుడి ఒక్కదాన్నే కాదు చుట్టుపక్కల జాగను, చెరువును, వచ్చే జనాన్ని ఎట్ల సంబాళిస్తరో ప్లాన్ చూపియ్యమని యునెస్కో గడువు పెట్టింది. హైకోర్టు తనంతట తానే ఆ సంగతి చేతుల పట్టుకొని పురావస్తు శాఖలు రెండూ, కలెక్టరు కలిసి కూసోవాల్నని చెప్పింది. రామప్ప గుడి ఉన్న పాలంపేటకు స్పెషల్ ఏరియా డెవలప్‌మెంట్ అథారిటీ అని సుత పెట్టిన్రు. అక్కడ ఇప్పుడు అంత మంచిగున్నదని నేను చెప్తలేను, పోయి చూస్తె మీకే తెలుస్తది. కానీ అడిగేటోడు బయటోడు, గట్టోడు, తారీఖు పెట్టి అడిగిండు, అడిగింది గుడి పేరు మీద అడిగిండు, శాఖ పేరు మీద కాదు. అందరు ఒక్క టేబుల్ కాడికి వచ్చిన్రు. ప్యారిస్ నుంచి యునెస్కో అడిగితె కలిసి కూసునేటోళ్లు ఖిలాల ఉండే ముసలామె అడిగితె ఎందుకు కూసోరు?

వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపం సుత ఇక్కడనే గుర్తు చెయ్యాలె. రాళ్లు ఊడదీసి నంబర్లేసి పెట్టి, ఏండ్లకేండ్లు అట్లనే ఉంచి, చివరికి 2024 మార్చి 8 శివరాత్రి నాడు తెరిచిన్రు. ఆలస్యానికి ఎంత తిట్టినా తక్కువే, కానీ ఎవర్ని తిట్టాల్నో నగరంల చిన్న పోరనికి సుత తెలుసు, పని పురావస్తు శాఖ ఒక్కదానిదే. ఖిలా తొవ్వకు గా భాగ్యం లేదు.

మన దిక్కు నుంచి సుత తప్పున్నది, అడుగుడు రాదు మనకు. "ఎందుకు చేస్తలేరు" అని సమాచార హక్కు చట్టం కింద రాస్తరు. ఆ చట్టం ఇచ్చేది ఆఫీసు దగ్గర ఉన్న కాయితం, లేని కాయితాన్ని కొత్తగ తయారు చేసి ఇయ్యనక్కర్లేదని 2011ల సుప్రీంకోర్టు సుత చెప్పింది. ఎందుకు అంటె జవాబు రాదు. ఫైలు నోట్ షీట్ కాపీ ఇయ్యండి అంటె రావాలె. వేరే శాఖదైతె 6(3) సెక్షన్ కింద 5 రోజుల్ల వాళ్లే బదిలీ చెయ్యాలె, మనల్ని తిప్పి పంపుడు కాదు. నేను హద్దు గురించి పెట్టిన దరఖాస్తు ఒక ఆఫీసు నుంచి "మా పరిధిలోకి రాదు" అనే ఒక్క లైనుతోని వాపస్ వచ్చింది, అప్పీల్ పోదామంటె అది 2023 ఫిబ్రవరి తర్వాతి సంగతి, రాష్ట్ర సమాచార కమిషన్ల 2025 మే దాకా ఒక్క కమిషనర్ లేడు. ఎంపీలదీ గంతే, "ప్రభుత్వానికి తెలుసా" అని మొదలు పెడ్తరు, తెలుసు సార్ అంటె అయిపాయె. లోక్‌సభల సర్కారు హామీల కమిటీ అని ఒకటున్నది, మంత్రి "పరిశీలిస్తున్నం", "సమాచారం సేకరిస్తున్నం" అంటె అది హామీ కింద లెక్క, 3 నెలల్ల తీర్చాలె. మామునూరు మీద, కాజీపేట మీద వచ్చిన అట్లాంటి మాటల్ల ఎన్ని ఆ కమిటీ దాకా పోయినయో మన ఎంపీలు ఒక్క ప్రెస్‌మీట్ పెట్టి చెప్పొచ్చు గదా, పూలదండలు ఆ తర్వాత ఏసుకుందురు.

2041 ప్లాన్ ఇప్పుడు పాసైంది కాబట్టి మల్ల కొత్తగ రాసిన. మీకు పనికొస్తదని ఇక్కడ పెడ్తున్న, మార్చుకోండ్రి: "ఖిలా వరంగల్ రక్షిత హద్దు, దాని నుంచి 100 మీటర్లు, ఆ పైన 200 మీటర్లు మాస్టర్ ప్లాన్‌ల ఏ సర్వే నంబర్ల మీద పడుతున్నయో చూపే షీట్ కాపీ, ఆ హద్దు ఖరారు గురించి పురావస్తు శాఖకూ మీకూ నడుమ నడిచిన ఉత్తరాల కాపీలు, తారీఖులతో, జవాబు రాని ఉత్తరాలు ఉంటే వాటి లిస్టు, ఈ కాయితాలు మీ దగ్గర లేకపోతే 6(3) కింద బదిలీ చేసిన ఉత్తరం కాపీ." కుడాకు ఒకటి, పురావస్తు శాఖకు ఒకటి, రెండు జిల్లాల కలెక్టరేట్లకు చెరొకటి, అన్నిట్ల అక్షరం మార్చకుంట ఒకటే రాయాలె, అప్పుడు ఏది ఎవరి దగ్గర లేదో జవాబులు పక్కపక్కన పెడితె కనబడ్తది. ఖిలాల ఇల్లున్నోళ్లు మీ సర్వే నంబరు కలిపి రాయండ్రి, పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టుడు మర్శిపోవద్దు, తెల్ల రేషన్ కార్డు ఉంటె కార్డు జిరాక్స్ పెట్టండ్రి, అప్పుడు ఆ పది రూపాయలు సుత అక్కర్లేదు.